పదహారణాల కార్బురేటరు

మనిషి చేసిన యంత్రాలలో మనిషిని బాగా పోలినదేదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా కార్బురేటరు అంటాను. చదువరులు నవ్వుకోవచ్చు. కాని కొంచెం ఆలోచించి చూడండి. దానికి ఊపిరి ఉన్నది, దాహమున్నది. గాలి ఎక్కువైతే తుమ్ముతుంది. తిండి ఎక్కువైతే మసి కక్కి మందగిస్తుంది. చలిగా ఉన్న ఉదయం లేవనని మొరాయిస్తుంది. నెల రోజులు పలకరించకుండా మూల కూర్చోబెడితే గొంతు పూడుకుపోతుంది. ఇక కోపం వచ్చినప్పుడు ఎందుకు వచ్చినదో చెప్పదు. మనమే నాలుగు వైపులా వెతికి తెలుసుకోవాలి. ఇంతకంటె మనిషి లక్షణమేమున్నది?

ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువుకు స్వస్తి చెప్పి, మద్రాసులో ఒక ఆఫీసులో ఇరవై యేళ్ళకు పైబడి గుమాస్తాగిరీ వెలగబెడుతున్న నాబోటివాడికి ఈ యంత్రశాస్త్రమెందుకని మీరడగవచ్చు. అడిగినవారు ఇంటా బయటా చాలామందే ఉన్నారు. మన పత్రికలో వంటలు, పండుగలు, పెళ్ళి కబుర్లు చదువుకునే అక్కచెల్లెళ్ళు మోటారు సైకిలు పేరు చూడగానే పుట తిప్పవద్దని నా మనవి. ఈ వ్యాసంలో ఇడ్లీ రేకు ఉన్నది, పలకా బలపమున్నవి, ఒక తాతా మనుమరాలూ ఉన్నారు.

ముందు ఆ వస్తువు చేసే పనేమిటో చెబుతాను. వెనక దోమలకు కొట్టే ఫ్లిట్టు పంపు మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. డబ్బాలో మందు, డబ్బా నుంచి పైకి నిలబడిన సన్నని గొట్టం, ఆ గొట్టం కొన మీదుగా గాలి కొట్టే పిచికారీ. మందును ఎవరూ పైకి తోయరు. కొన మీదుగా గాలి జోరుగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గి, మందు తనంతట తాను లేచి తుంపరై పోతుంది. కార్బురేటరు అంతే. గాలి పోయే దారికి మధ్యలో సన్నని నడుము ఉంటుంది. ఇరుకున పడిన గాలి వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది, కింద చిన్న తొట్టిలో ఉన్న పెట్రోలు రంధ్రం గుండా లేచి గాలిలో కలుస్తుంది. ఈ వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని బెర్నౌలీ అనే ఆయన 1738లోనే గ్రంథస్థం చేశాడు. ఇరుకు గొట్టం సంగతి 1797లో ఇటలీవాడు వెంచూరి ప్రకటించాడు. బుడాపెస్టులో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు 1893లో ఈ సూత్రంతోనే కార్బురేటరుకు పేటెంటు తీసుకున్నారు. వీధిలో పూలమ్మే పిల్ల నోటితో గొట్టం ఊది పూల మీద నీళ్ళు చిలకరించటం చూసి వారికి ఆ ఊహ తట్టినదని ఒక కథ కూడా చెప్పుకుంటారు. మన ఊళ్ళో మల్లెపూల గంప మీద రోజూ నీళ్ళు చల్లుతూనే ఉన్నారు; మనకెవరికీ ఏమీ తట్టలేదు!

తూకం లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలటానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి ఇంతకు మించితే ఇంజను వేడెక్కి తుమ్ముతుంది. తగ్గితే నల్లటి పొగ, పెట్రోలు దండుగ. నెమ్మదిగా పోయినా, జోరుగా పోయినా, ఎత్తు ఎక్కినా, ఇద్దరు కూర్చున్నా, ఈ పాళ్ళు ఇంచుమించు నిలబెట్టటమే దాని ఉద్యోగం. కరెంటు లేదు, మెదడు లేదు. నాలుగు రంధ్రాలు, ఒక సూది, ఒక బెండు. అంతే దాని ఆస్తి.

మా ఇంట్లో ఈ విద్యకు మూలపురుషుడు మా నాయనగారు. 1994లో ఆయన 350 సీసీల బుల్లెట్టు కొన్నారు. మేముండేది తండయారుపేట. బుల్లెట్టు పుట్టిన తిరువొత్తియూరు మాకు పక్క ఊరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా పుట్టి, ఫ్యాక్టరీ అక్కడ వెలిసినది. "త్యాగయ్యగారు త్రిపురసుందరి మీద అయిదు కృతులు చెప్పిన ఊరురా అది. అక్కడ పుట్టిన బండికి శ్రుతి తెలియకుండా ఎట్లా ఉంటుంది?" అనేవారు నాయనగారు. ఆయనకు సంగీతం రాదు. కాని ఇంజను శ్రుతి తప్పితే వీధి చివరి నుంచే గుర్తుపట్టేవారు.

ఆయన పుట్టినది 1947లో. అణాలు పోయి నయాపైసలు వచ్చినది 1957లో. అంటే పదేళ్ళవాడయ్యే వరకు ఆయన లెక్కలన్నీ అణాలలోనే. అందుచేత కార్బురేటరు పాఠం కూడా నాకు అణాలలోనే చెప్పారు.

"ఒరే, ఈ యాక్సిలరేటరు పిడి మొత్తం తిప్పితే ఒక రూపాయి అనుకో. అసలు తిప్పకుండా ఉన్నప్పటి నుంచి బేడ దాకా పైలట్ జెట్టుదీ, దాని పక్కనున్న గాలి మరదీ పెత్తనం. బేడ నుంచి పావలా దాకా లోపల లేచే స్లైడుకు అడుగున కోసిన వంపు ఉన్నదే, దానిది. పావలా నుంచి ముప్పావలా దాకా సూదిది. ముప్పావలా దాటితే మెయిన్ జెట్టుది. బండి ఏ అణా దగ్గర తడబడినదో చూసి, ఆ అణాకు యజమాని ఎవడో వాణ్ణి పట్టుకో. బేడ నేరానికి ముప్పావలావాణ్ణి కొట్టకు."

ఇంగ్లీషు పుస్తకాలలో ఇదే సంగతి బొమ్మలతో, గీతలతో ఉంటుంది. ఇంత తేలికగా ఎక్కడా లేదు. పిడి మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీసుకుని రోడ్డు మీద ఒక చక్కరు కొట్టి వస్తే, నేరం ఏ అణాలో ఉన్నదో తెలిసిపోతుంది. బేడకు రూపాయిలో ఎనిమిదో వంతు అని మా అమ్మాయికి విడమరచి చెప్పవలసి వచ్చినదనుకోండి. అది వేరే కథ. ఆ కథకే వస్తున్నాను.

2022లో నాయనగారికి వినికిడి పోయినది. చెవిలో పెట్టుకునే యంత్రం కొన్నాము. గలగల తప్ప మాట తెలియటం లేదని పక్కన పెట్టేశారు. అప్పటినుంచి ఆయనతో ఏదైనా చెప్పాలంటే పలక మీద రాయాలి. నేను తెలుగులో రాస్తాను, మా ఆవిడ తెలుగులో రాస్తుంది. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, బడిలో చదివేది అరవమూ ఇంగ్లీషూ. నాయనగారు అరవం ధారాళంగా మాట్లాడగలరు. చదవటం అంతంత మాత్రం. ఇంగ్లీషు పొడి అక్షరాలలో నాలుగు మాటలు రాసి పిల్ల తాతకు చూపించేది. ఆయన చదివి తల ఊపేవారు. అంతకు మించి సంభాషణ సాగేది కాదు. ఒకప్పుడు రాత్రి పొద్దుపోయే దాకా దానికి కథలు చెప్పిన మనిషి, ఇప్పుడు రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఉదయం కాఫీ తాగి ముంగిట్లోకి పోయి, బుల్లెట్టు స్టార్టు చేయమని నాకు సైగ చేసి, పెట్రోలు ట్యాంకు మీద అరచేయి ఆనించి నిలబడేవారు. ఆ అదురు ఆయన చేతికి వినబడేది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయిన మనిషితో మాట్లాడే వస్తువు అదొక్కటే మిగిలినది.

ఇంతలో 2024 వచ్చినది. మన దేశంలో సొంత వాహనాలకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. తరువాత అయిదేళ్ళకొకసారి బండి చూపించి పొడిగించుకోవాలి. మా బండికి 2009లో, 2014లో, 2019లో ఏ అడ్డూ లేకుండా జరిగినది. ఈసారి పొగ పరీక్ష దగ్గర ఆగిపోయినది. 2000 సంవత్సరం మార్చి ఆఖరులోపు తయారైన రెండు చక్రాల బండ్లకు, పిడి తిప్పకుండా ఇంజను నడిచేటప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 4.5 పాళ్ళు మించకూడదు. మాది 5.9 చూపించినది.

మా బావమరిది వచ్చి, "బావా, ఎందుకీ తలనొప్పి? పాత ఇనుముకు ఇచ్చేసి ఒక కరెంటు స్కూటరు కొనుక్కో. పెద్దాయన నాలుగు రోజులు బాధపడతారు, తరువాత మరిచిపోతారు" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. మంచి కోరే చెప్పాడు. ఒక మేస్త్రీ, పాత కార్బురేటరు పారేసి బజారు రకం కొత్తది తగిలిస్తానన్నాడు. నేను అన్నీ పలక మీద రాసి నాయనగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "వచ్చే ఆదివారం విప్పుదాం" అన్నారు. చాలా రోజులకు ఆయన నోట వచ్చిన పూర్తి వాక్యమది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదన్నట్టు, మోటారు సైకిలుకు ఏ జబ్బు వచ్చినా అందరూ కార్బురేటరు మీదే పడతారు. కాబట్టి దాన్ని విప్పే ముందు తక్కినవన్నీ చూసుకోవాలి. ప్లగ్గు విప్పి రంగు చూడాలి: కాఫీపొడి రంగులో ఉంటే క్షేమం, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. ప్లగ్గులో నిప్పురవ్వ బలంగా ఉన్నదా, గాలి వడపోత దుమ్ముతో మూసుకున్నదా, వాల్వుల సందు సరిగా ఉన్నదా, కార్బురేటరు ఇంజనుకు అతికే చోట గాలి దూరుతున్నదా, ఇవన్నీ చూడాలి. మా బండి ప్లగ్గు కాటుక భరిణలా ఉన్నది. తక్కినవన్నీ సరిగానే ఉన్నవి.

విప్పబోయే ముందు నాయనగారు ఇంజను నడిపించి, గాలి మరను లోపలికీ బయటికీ తిప్పమన్నారు. మా బండికున్న మికార్బు కార్బురేటరులో ఈ మర గాలిని తగ్గించి పెంచుతుంది. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు ఎక్కువ, బయటికి తిప్పితే గాలి ఎక్కువ. నేను ఎటు తిప్పినా, ట్యాంకు మీద ఆయన చేతికి ఏ మార్పూ తెలియలేదు.

"మర మాట ఇంజను వినటం లేదంటే, పెట్రోలు ఇంకొక దారిన వస్తున్నదన్నమాట. దొంగ దొడ్డిదారిన ఉన్నాడు" అన్నారు. ఇక్కడే సగం వైద్యం అయిపోయినదని నా అభిప్రాయం.

పెట్రోలుతో పని కాబట్టి ఇంట్లో కాకుండా ముంగిట్లో, గాలి ఆడే చోట కూర్చున్నాము. వంటింట్లో పొయ్యి ఆర్పించాము. పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుంది. కనబడని దూరం పోయి నిప్పును వెతుక్కుంటుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం తెలిసినవాడూ తెలియనివాడూ సమానమే.

మా ఆవిడను బతిమాలి ఒక పాత ఇడ్లీ రేకు సంపాదించాను. విప్పిన ముక్కలను విప్పిన వరుసలో ఒక్కొక్క గుంటలో వేసుకుంటే, బిగించేటప్పుడు ఆ వరుసనే వెనక్కి నడిచి రావచ్చు. పెట్రోలు తాకిన ఆ రేకు మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదన్న షరతు మీద అది నాకు శాశ్వతంగా సంక్రమించినది.

పైమూత విప్పితే తీగతో పాటు స్లైడు, దానికి వేళ్ళాడే సూది బయటికి వస్తవి. సూది తలకు అయిదు గాట్లు ఉంటవి. ఏదో ఒక గాటులో చిన్న క్లిప్పు ఉంటుంది. క్లిప్పును కింది గాటుకు దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. పై గాటుకు ఎక్కిస్తే తగ్గుతుంది. అడుగున తొట్టి విప్పితే బెండు. మన ఇంటి మీద నీళ్ళ తొట్టిలో బంతి చేసే పనే ఇది చేస్తుంది: పెట్రోలు నిండగానే లేచి, ముల్లులాంటి వాల్వుతో దారి మూస్తుంది. దాని పక్కన రెండు ఇత్తడి జెట్లు. పైలట్ జెట్టు రంధ్రంలో సూదిమొన కూడా పట్టదు. గాలి మరను తీసే ముందు, మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగినదో లెక్కపెట్టి రాసుకోవాలి. ఆగిన తరువాత బిగించరాదు. బిగిస్తే మర కొనా, అది కూర్చునే పీటా రెండూ చెడతవి.

రాసుకోవటానికి నాయనగారి పుస్తకం ఉండనే ఉన్నది. 1994 నుంచి ఆయన ఒక పొడుగు పద్దుల పుస్తకంలో తెలుగులో రాసిన బండి జాతకమది. "ముసురు పట్టినది. గాలి మర ఒకటింబావు. సూది మూడో గాటు." "ఎండలు ముదిరినవి. గాలి మర ఒకటిన్నర. ప్లగ్గు రంగు బాగున్నది." ఇటువంటివి పుటల కొద్దీ ఉన్నవి. మా అమ్మాయి పక్కన కూర్చుని పుటలు తిప్పుతూ, "ఇదేమిటి, ఇదేమిటి" అని అక్షరాలు అడగటం మొదలుపెట్టినది. తాతకు దాని ప్రశ్న వినబడదు. పిల్ల వేలు పెట్టిన చోట చూసి ఆయనే చదివి చెప్పేవారు. ఆయన చదివిన మాటను అది పలక మీద చూసి రాసేది.

దొంగలు ముగ్గురు దొరికారు. మొదటివాడు చోకులో ఉన్నాడు. ఉదయం చలిలో అదనంగా పెట్రోలు ఇచ్చే దారిని మూసే ముక్కకు కొనలో రబ్బరు బిళ్ళ ఉంటుంది. ముప్పై యేళ్ళుగా ఒకే చోట నొక్కుకుని దాని మీద ఉంగరంలా గుంట పడినది. చోకు మూసినా దారి పూర్తిగా మూసుకోవటం లేదు. దొడ్డిదారి అదే. రెండవవాడు బెండు కింది ముల్లు; దాని మొన చుట్టూ అరిగిన గీత. తొట్టిలో పెట్రోలు ఉండవలసిన మట్టం కంటె పైన నిలుస్తున్నది. మూడవవాడు సూది జారే నీడిల్ జెట్టు. సూది ముప్పై యేళ్ళు అదురుతూ రాసుకుని, గుండ్రని రంధ్రం కోడిగుడ్డు వాటంగా అయినది. ఇది పావలా మీది నేరం. పొగ పరీక్షకు అంతగా రాదు గాని, పెట్రోలు ఖర్చుకు వస్తుంది.

సామాన్లకు పుదుప్పేట పోయాను. పాత బండ్ల విడిభాగాలకు మద్రాసులో పుదుప్పేట, కొత్త సామాన్లకు జనరల్ పాటర్స్ రోడ్డు పెట్టినది పేరు. నకలు సామాను చూడటానికి అసలు దానికన్నా తళతళలాడుతుంది. కాబట్టి జెట్ల మీద చెక్కిన అంకెలు చూసి, పాత ముక్కను పక్కన పెట్టి పోల్చి కొనాలి. సూదినీ నీడిల్ జెట్టునూ జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే ఎద్దూ దున్నపోతూ కాడికి కట్టినట్టే.

రెండవ ఆదివారం శుభ్రం చేయటం. రబ్బరు ముక్కలన్నీ ముందుగా తీసేసి, లోహపు ఒంటిని మందు కొట్టి కడిగి, ప్రతి దారిలోను సైకిలు పంపుతో గాలి కొట్టాము. పైలట్ జెట్టును ఎండకు పట్టి చూస్తే అవతలి వెలుగు చుక్కలా కనబడాలి. కనబడకపోతే నానబెట్టి మళ్ళీ గాలి కొట్టాలి గాని, గుండుసూదితో పొడవరాదు. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టి. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా జెట్టు అంకెకు అర్థం పోతుంది. మరీ అవసరమైతే కరెంటు తీగలోని సన్నని రాగి పోగు ఒకటి వాడవచ్చు.

బెండు మట్టం చూడటానికి కార్బురేటరును తలకిందులు చేసి, ఇత్తడి నాలుక ముల్లును తాకీ తాకనప్పుడు బెండు చేతులు అంచుకు సమాంతరంగా ఉన్నవో లేదో చూశాము. తరువాత పెట్రోలు వచ్చే దారికి శుభ్రమైన గొట్టం తగిలించి ఊదితే గాలి పోలేదు. ముల్లు సరిగా మూస్తున్నదన్నమాట. స్లైడు వంపు గాలి వడపోత వైపు ఉండేటట్టు దించి, పిడి తిప్పి వదిలితే, స్లైడు తనంతట తాను టక్కున కిందికి పడినది. ఈ టక్కు వినబడనిదే ఇంజను స్టార్టు చేయరాదు. స్లైడు పైన ఇరుక్కుంటే బండి మన మాట వినదు. నాయనగారు వినలేరు కాబట్టి వేలు పెట్టి చూసుకుని తల ఊపారు.

ఇక శ్రుతి చేయటం. చల్లటి ఇంజను మీద చేసిన శ్రుతి నిలవదు. అందుచేత తిరువొత్తియూరు హైరోడ్డు మీద కొంత దూరం నడిపి వచ్చి, బండిని స్టాండు మీద నిలబెట్టి, గాలి మర ఒకటిన్నర చుట్టు మీద ఉంచి, ఇంజను ఆగిపోకుండా వేగం మర కొంచెం పైకి లేపాను. మరచుట్టు (అదే, స్క్రూడ్రైవరు) మా అమ్మాయి చేతికిచ్చాను. నాయనగారు కళ్ళు మూసుకుని రెండు చేతులూ ట్యాంకు మీద పెట్టారు.

పిల్ల పావు చుట్టు తిప్పి, పలక మీద గీత గీసి, ఆగుతుంది. ఇంజను ఆ మార్పుకు సర్దుకోవటానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆయన తల అడ్డంగా ఊపితే మళ్ళీ పావు చుట్టు. ఒకచోట ఆయన ముఖం విప్పారినది. పిల్ల ఆగిపోయినది. "ఆగకు, ఇంకొక పావు తిప్పు. దాటిపోతే గాని శిఖరం ఎక్కడున్నదో తెలియదు" అన్నారు. తిప్పినది. ఇంజను కుంటినది. వెనక్కి వచ్చినది. ఇంజను మళ్ళీ గుండ్రంగా పలికినది. అక్కడ వేగం మరను దించి, మరొకసారి పావు ఇటూ పావు అటూ చూసి, మొదటి చోటే ఖాయం చేశాము. శిఖరం ఒకటికీ రెండుకూ నడుమ వచ్చినదంటే పైలట్ జెట్టు సరియైనదే. అరచుట్టు లోపలే వస్తే జెట్టు చిన్నదని, రెండున్నర దాటితే పెద్దదని అర్థం.

మా అమ్మాయి పలక తుడిచి, తాత పుస్తకంలో చూసుకుంటూ, వంకర టింకర అక్షరాలతో ఒక మాట రాసి ఆయన ముందు పెట్టినది: "ఒకటిబావు."

నాయనగారు చదివారు. బలపం తీసుకుని "టి" పక్కన సున్న చుట్టారు. "సున్న మరిచావే" అన్నారు. తరువాత నవ్వారు. ఆ రోజు సాయంకాలం తాతా మనుమరాలూ పలక దగ్గర నుంచి లేవలేదు.

వారం గడిచాక పొగ పరీక్షకు పోతే 2.4 చూపించినది. రిజిస్ట్రేషను 2029 వరకు పొడిగించారు. మా బావమరిదికి ఆ కాగితం చూపిస్తే, "అయితే ఒక చక్కరు కొట్టి వస్తాను, తాళం ఇటియ్యి" అన్నాడు.

కార్బురేటరు కాలం తీరిపోయినదని నాకూ తెలుసు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చి, కొత్త మోటారు సైకిళ్ళలో దాదాపుగా అన్నిటికీ పెట్రోలు లెక్కగట్టి చిమ్మే యంత్రాలు వచ్చినవి. గాలి ఎంత, వేడి ఎంత, పొగ ఎట్లా ఉన్నది, అన్నీ చూసుకుని క్షణంలో పాళ్ళు సరిచేసుకుంటవి. పొగ తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. అది మంచిదే. కార్బురేటరే గొప్పదని వాదించటానికి నేను రాలేదు. కాని పాత బండ్లు ఇళ్ళలో ఇంకా బోలెడు ఉన్నవి. వాటికి కొత్త చిక్కు ఒకటి వచ్చినది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్ళకు చేరినది. ఇథనాలు పూర్తిగా కాలటానికి దాని తూకానికి సుమారు 9 రెట్ల గాలి చాలు. అంటే పాత జెట్ల మీద బండికి గాలి పాలు ఎక్కువైనట్టే. ప్లగ్గు తెల్లబడుతుంటే సూదిని ఒక గాటు లేపటమో, మెయిన్ జెట్టు ఒక అంకె పెంచటమో చేయాలి. పాతకాలపు రబ్బరు ఇథనాలుకు ఉబ్బుతుంది. దానికి తట్టుకునే రబ్బరు అడిగి వేయించుకోవాలి. పైగా అది గాలిలోని తేమ పీలుస్తుంది. మనబోటి సముద్రపు గాలి ఊళ్ళలో బండిని కొన్ని వారాలు వాడకుండా ఉంచేటట్టయితే, పెట్రోలు చక్రం మూసి, తొట్టిలోనిది అయిపోయి ఇంజను తనంతట ఆగే దాకా నడిపించి అప్పుడు గోనెపట్టా కప్పాలి.

ఇంటి వైద్యానికి హద్దు కూడా ఉన్నది. కార్బురేటరు ఒళ్ళే అరిగిపోయి, స్లైడు లొటలొట ఆడుతుంటే ఎంత కడిగినా శ్రుతి నిలవదు; దాన్ని మార్చవలసినదే. అరిగినదేదో, మురికి పట్టినదేదో, శ్రుతి తప్పినదేదో తెలుసుకోవటమే ఈ విద్యలో ముఖ్యం. మూడింటికీ మందు ఒకటి కాదు. తెలియకపోతే అడగటానికి ప్రతి వీధిలోను ఒక ముసలి మేస్త్రీ ఉంటాడు. అతన్ని అడిగేవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి సంతోషంగానే చెబుతాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఋతువు మారినప్పుడల్లా పద్దుల పుస్తకం బయటికి వస్తుంది. పాత పుటలలో నాయనగారి గుండ్రని రాత. కొత్త పుటలలో ఇంకా కుదురుకోని చిన్న రాత. పలక మీద ఇప్పుడు బండి మాటలే కాకుండా బడి కబుర్లు, వంటింటి ఫిర్యాదులు, నా మీద చాడీలు కూడా తెలుగులోనే నడుస్తున్నవి. నాయనగారు రోజుకు పది మాటలతో సరిపెట్టే రోజులు పోయినవి.

మీ ఇంటి మూలన కూడా పాత బండి ఏదైనా గోనెపట్టా కింద ఉంటే, ఒక ఆదివారం పట్టా తీసి చూడండి. ముందు ప్లగ్గు చూడండి, తరువాత తొట్టి విప్పండి. ఒకసారికి ఒక్క మరే తిప్పండి, అదీ పావు చుట్టుకు మించవద్దు. తిప్పిన తరువాత ఆగి వినండి. ఎంత తిప్పారో మాత్రం మరిచిపోకుండా రాసిపెట్టుకోండి. తెలుగులో రాసుకుంటే మరీ సంతోషం.